నడుమని రాయించిన దెబ్బ

ఫిబ్రవరి 12, మంగళవారం

తెల్లవారకముందు నుంచి వాన. పందుల దొడ్డి ముందు నీళ్లు నిలిస్తే చిన్న కాలువ తీసి, కాళ్లు కడుక్కుని పనికి వెళ్లాను.

కొబ్బరికాయల లారీ ఆలస్యంగా వచ్చింది. బస్తాలను రెండు చక్రాల బండి మీద వేసి తురుము షెడ్డులోకి లాగుతున్నాను. మురుగుకాలువ మీది రేకులో చక్రం దిగబడింది. బరువంతా వెనక్కి వాలి, ముందున్న ఇనుప కాడి పైకి లేచింది. తగిలింది. కాసేపు కింద కూర్చున్నాను. కాడి అలా లేవకుండా ఒక కొక్కెం ఉండాలి. అది క్రిస్మస్‌కు ముందే విరిగింది. మేస్త్రీ ఫెరేతికి చెప్పాను. చూస్తానన్నాడు.

మిగతావాళ్లంతా లారీ అవతల ఉన్నారు. తురుము బల్ల దగ్గర పనిలో ఉన్న అక్క ఒక్కతే చూసింది. ఫెరేతి వచ్చి ఎక్కడ తగిలిందని అడిగేసరికి ఆమె లేచి వచ్చి దగ్గర్లో నిలబడి ఉంది. నడుము అన్నాను. ప్రమాదాల పుస్తకంలో నడుము అని రాశాడు. సంతకం పెట్టాను.

బస్సులో నిలబడే వచ్చాను. సబ్బు, కిరోసిన్ కొన్నాను. రొట్టె మరిచిపోయాను.

ఫిబ్రవరి 13, బుధవారం

వాన తగ్గింది. పనికి వెళ్లలేదు. నడుము.

మా ఆవిడ మరేత మర్దన చేసే ముసలమ్మను పిలుచుకొచ్చింది. గోడలు లేని ఇల్లు కదా, నాలుగు పక్కలా చాపతెరలు దించింది. పట్టపగలు తెరలు దించితే ఎవరో పోయారనుకుంటారు. ఇద్దరు వచ్చి అడిగి వెళ్లారు కూడా.

ముసలమ్మ నన్ను బోర్లా పడుకోబెట్టి నొక్కింది.

"ఇక్కడేనా?"

"అక్కడే."

"మరి ఇక్కడ?"

"అక్కడ కూడా."

"అబద్ధాలాడకురా. నీ నడుము మా చర్చి స్తంభంలా ఉంది. నడుము పట్టినవాడు వంగి నడుస్తాడు. నువ్వేమో గుడ్డు పెట్టబోయే బాతులా కాళ్లు ఎడం చేసి నడుస్తున్నావు. ఇటు తిరుగు, చూస్తాను."

అప్పుడే తెర అవతల అక్క గొంతు వినిపించింది. కాచిన నూనె తెచ్చి మరేతకు ఇస్తోంది.

"నడుమే," అన్నాను గట్టిగా.

ముసలమ్మ తెర వైపు చూసింది. నా వైపు చూసింది. ఇక ఏమీ అడగలేదు. ఏ నొప్పీ లేని నడుముకి చాలాసేపు నూనె పట్టించి, రెండు సీమపనస కాయలు పుచ్చుకుని వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 15, శుక్రవారం

ఎండ. కూర్చుని వల బాగు చేశాను. లేవడం కష్టంగా ఉంది.

ఫిబ్రవరి 17, ఆదివారం

ఎండ. రాళ్లపొయ్యి పెట్టలేకపోయాను. ఒక రాయి ఎత్తాను, అంతే. మిగతా రాళ్లు మరేత ఎత్తింది, తారో దుంపలు తనే పేర్చింది, ఆకులు తనే కప్పింది. ఎదురింటాయన కోకో తాగుతూ చూశాడు. "ఏం మరేతా, మీ ఇంట్లో మగాళ్లకి ఈ రోజు సెలవా?" అన్నాడు. "మీ ఇంట్లో ఎప్పుడు పని ఉందో చెప్పు, మాకు సెలవెప్పుడో చెబుతాను," అంది మరేత.

సాయంత్రం ప్రార్థనకు అక్క ఎప్పటిలా వచ్చింది. పడమటి స్తంభం దగ్గర కూర్చుంది. బావ పోయిన దగ్గర నుంచి ఆమె మా పక్కింట్లోనే ఉంటోంది. ప్రార్థన అయ్యాక మరేతతో అంది:

"మరేతా, తమ్ముణ్ని ఆపియా ఆసుపత్రికి తీసుకెళ్లు. అది... నడుము ఎముక అయి ఉంటుంది."

నేను ఎదురుగానే ఉన్నాను. మాట మరేత మీదుగా వచ్చింది. ఇలాంటి మాటలు మా ఇద్దరి మధ్య అలాగే వస్తాయి. ఒంటి సంగతి ఏదైనా సరే. ఎదురింటి టీవీలో ఎవరైనా ముద్దుపెట్టుకుంటే నేను లేచి పందుల్ని చూడడానికి వెళతాను. లేదా ఆమె లేచి పొయ్యి చూడడానికి వెళుతుంది. మా పందులకు జరిగినంత సంరక్షణ ఈ దీవిలో ఏ పందులకూ జరిగి ఉండదు. తోడబుట్టినది కంటిపాప అనేవాడు నాన్న. కంటిపాపకు ఎదురుగా ఏది పెట్టాలో, ఏది పెట్టకూడదో చెప్పక్కర్లేదు.

ఎముక అని ఆమెకు తెలుసు. అంటే, ఎముక కాదని.

ఫిబ్రవరి 19, మంగళవారం

మబ్బు. మొదటి బస్సుకు ఆపియా పట్నం. మరేత, అక్క ఇద్దరూ వచ్చారు. అక్క అన్నం గిన్నె పట్టుకుంది.

డాక్టరు కుర్రవాడు. తలుపు వెయ్యలేదు. పరీక్ష చేసి, వసారాలోకి వచ్చి, "ఈయన తాలూకు ఎవరు?" అన్నాడు. అతను నోరు తెరిచేలోపే అక్క గిన్నె బెంచీ మీద పెట్టి నడక మొదలుపెట్టింది. వసారా ఆ చివరికి వెళ్లి, అక్కడ గోడకు అంటించిన దోమల బొమ్మ ముందు నిలబడింది. ఎంతసేపని ఒక దోమను చూస్తుంది మనిషి. చూసింది.

డాక్టరు చెప్పినది: గజ్జల్లో హెర్నియా. దెబ్బకు లోపలి పొర చిరిగింది. ఆపరేషన్ చెయ్యాలి. ఈలోగా బరువులు ఎత్తితే పేగు ఇరుక్కుంటుంది, అప్పుడు ప్రాణానికే ముప్పు. ఇదంతా కాగితం మీద రాసిచ్చాడు.

అక్క తిరిగి వచ్చింది. "ఏమన్నాడు?" అని మరేతను అడిగింది.

"నడుము," అంది మరేత, నన్ను చూస్తూ.

ముగ్గురం అన్నం తిన్నాం. డబ్బా చేప, తారో ఆకు కూర.

ఫిబ్రవరి 21, గురువారం

వాన. పరిహారం ఆఫీసుకు వెళ్లాను. నా కాగితాలు చూసే అతని పేరు ఇలాయిసా. వయసు ముప్పై దాటి ఉంటుంది. కుర్చీ ముందుకు జరిపి కూర్చోబెట్టాడు.

"పెద్దాయనా, ఫ్యాక్టరీవాళ్ల కాగితంలో నడుము అని ఉంది. డాక్టరు కాగితంలో గజ్జల్లో హెర్నియా అని ఉంది. రెండు కాగితాలూ ఒక మనిషివేనా?"

"నావే."

"హెర్నియా చాలామందికి ఏళ్ల తరబడి ఉంటుంది, తెలియను కూడా తెలియదు. మీది పనిలో వచ్చిందని తేలితే, ఆపరేషన్ అయి కోలుకునేదాకా జీతంలో ఎక్కువ భాగం మేమిస్తాం. మీ చోటు ఫ్యాక్టరీవాళ్లు అట్టేపెట్టాలి. తేలకపోతే ఈ రెండూ లేవు. మళ్లీ బస్తాల దగ్గరికి పోవాలి, లేదంటే పని వదులుకోవాలి. అందుకని అడుగుతున్నాను. నడుమని ఎందుకు రాయించారు?"

గోడ మీద క్యాలెండర్ ఉంది. పడవల పందెం బొమ్మ.

"కాడి తగలడం ఎవరైనా చూశారా?"

"లేదు," అన్నాను.

అతను రాసుకున్నాడు.

వచ్చేటప్పుడు బజారులో గొడ్డలి పిడి కొన్నాను. ఇప్పుడు దానితో పని లేదు. ఉన్నదే బాగానే ఉంది.

ఫిబ్రవరి 24, ఆదివారం

ఎండ. చర్చిలో పూజకు వెళ్లాం. భోజనం అయ్యాక మరేత పళ్లేలు తీస్తూ మొదలుపెట్టింది.

"వదిన చూసింది కదా?"

"చూసింది."

"మరి ఎవరూ లేరని ఎందుకు చెప్పావయ్యా?"

నేను చాప కొస సర్దాను.

"అది కాదు, ఆవిడని పిలిస్తే ఏమవుతుంది? ఆకాశం ఊడి పడుతుందా?"

"ఆఫీసులో అడుగుతారు. ఎక్కడ తగిలిందని."

"అడగనీ."

"ఆమె చెప్పాలి. నా ముందు. లేదా నేను లేనప్పుడు వేరే మగవాడి ముందు. ఏది నయం?"

మరేత పళ్లేలు కింద పెట్టింది. "నాకూ ఇద్దరు అన్నలున్నారు, నాకు తెలియదా? కానీ వాళ్లలో ఎవరికైనా పేగు ఇరుక్కుంటుందంటే నోరు విప్పేదాన్ని, తర్వాత ఏడాదిపాటు ముఖానికి గుడ్డ కప్పుకుని తిరిగేదాన్ని. మీ అక్కాతమ్ముళ్ల మర్యాద చక్కగా ఉంది. మధ్యలో నేను విధవనవుతాను."

తర్వాత పళ్లేలు కడిగింది. చప్పుడు ఎక్కువగానే చేసింది.

ఫిబ్రవరి 27, బుధవారం

ఇలాయిసా ఫ్యాక్టరీకి వచ్చాడట. నేను ఇంట్లోనే ఉన్నాను. తురుము షెడ్డు ఆడవాళ్లు దారిలో మరేతకు చెప్పారు.

అతను అందరినీ నిలబెట్టి, ఆ రోజు ఎవరైనా చూశారా అని అడిగాడు. అందరూ నేల చూశారు. అక్క ముందుకు వచ్చింది. తనంతట తానే వచ్చింది. "నేను చూశాను. కాడి లేచి ఆయన నడుముకి తగిలింది," అంది.

"కాడి ఆయన ముందు కదా ఉండేది? నడుముకి ఎలా తగిలింది?"

"నడుముకే తగిలింది."

"సరిగ్గా గుర్తు తెచ్చుకోండి."

"నా కళ్లతో చూశాను. నడుముకే."

అతను రాసుకుని వెళ్లాడు. ఉన్న ఒక్క సాక్షీ నడుమంది. డాక్టరు హెర్నియా అన్నాడు. ఇక నా కాగితాలు నిలబడవని నాక్కూడా తెలుసు.

సాయంత్రం ప్రార్థనకు అక్క వచ్చింది. ముఖం తేటగా ఉంది. నాకు సాయం చేసిందనుకుంటోంది. ఆమె చోట నేనుంటే నేనూ అదే అనేవాణ్ని. మరేత ప్రార్థనలో ఆమెన్ కూడా సరిగ్గా అనలేదు.

మార్చి 1, శుక్రవారం

ఎండ, గాలి. మధ్యాహ్నం ఫెరేతి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, దారిలోనే నిలబడ్డాడు. పరిహారం ఆఫీసు నుంచి ఫోను వచ్చిందట. ఎనిమిదో తేదీన నేను వెళ్లి చెప్పుకోవాలి, లేకపోతే కాగితాలు మూసేస్తారు. ఫ్యాక్టరీవాళ్లు చెప్పమన్నది వేరే: సోమవారం పనికి రావాలి, లేదంటే వేరే మనిషిని పెట్టుకుంటారు.

"నడుము కిందికి జారిందటగా ఔకుసో," అన్నాడు వెళ్లబోతూ. "ఇంకో వారం ఆగితే మోకాల్లో తేలుతుందేమో."

వంటపాకలోంచి మరేత అంది: "నీ కొక్కెం ఎక్కడ తేలింది ఫెరేతీ? క్రిస్మస్ నుంచి వెతుకుతున్నావట. పాపం, మీ ఇంటి వెనక చూశావా?"

అతను నవ్వకుండా వెళ్లిపోయాడు.

మార్చి 2, శనివారం

అరటి పిలకలు తవ్వించాను. నేను తవ్వలేదు.

మార్చి 4, సోమవారం

పనికి వెళ్లాను. మధ్యాహ్నానికి వచ్చేశాను. నడుము.

నడుము కాదు. ఈ పుస్తకం అక్క చదవదు, ఎవరూ చదవరు. అయినా ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. డాక్టరు మాటగా అయితే రాయగలిగాను. నా మాటగా రాదు.

మార్చి 5, మంగళవారం

వాన. రోజంతా చాప మీదే. గోడలు లేని ఇంట్లో అన్నీ వినిపిస్తాయి, మనం వింటున్నామని అవతలివాళ్లకూ తెలుసు. మరేత వంటపాకలో కొబ్బరి కోరుతోంది. అక్క వచ్చి పక్కన కూర్చుంది.

మరేత జరిగినదంతా చెప్పేసింది. నడుమని అక్క చెప్పినందువల్ల ఏమైందో కూడా చెప్పింది. చాలాసేపు కోరాము చప్పుడే వినిపించింది.

"నా నోటితో ఆ మాట చెప్పించకు మరేతా," అంది అక్క. "పరాయి మగాడి ముందు, అదీ తమ్ముడి గురించి. మా అమ్మ సమాధిలోంచి లేచి వస్తుంది."

"రానీయండి వదినా. వచ్చి ఆవిడే చెబుతుంది. మనకి పని తప్పుతుంది."

"వెటకారం ఆడకు."

"మరి అందరి ముందూ అబద్ధం ఎలా ఆడారు?"

"అది అబద్ధమా? అది మర్యాద."

మళ్లీ కోరాము చప్పుడు. తర్వాత అక్క గొంతు తగ్గించింది. నాకు వినిపించేంత మాత్రమే తగ్గించింది.

"నిన్న వాడు ఇంటికి వస్తుంటే చూశాను. ఫ్యాక్టరీ గేటు స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. బస్సు వచ్చినా ఎక్కలేకపోయాడు, ఇంకో బస్సు వచ్చేదాకా అలాగే ఉన్నాడు. నేను బల్ల దగ్గరే ఉన్నాను. వెళ్లలేదు. వెళితే వాడు నిటారుగా నిలబడాల్సి వస్తుందని వెళ్లలేదు."

మరేత కోరడం ఆపింది.

"ఆ ఆఫీసరు పిల్లాడు చెవులతో వింటేనే నమ్ముతాడా? కళ్లతో చూస్తే నమ్మడా?"

"అంటే?"

"తమ్ముడు నిలబడ్డ చోట ఒక బస్తాను నిలబెట్టమను. ఆ బండే, ఆ కాలువే. కాడి ఎలా లేచిందో నేను చేసి చూపిస్తాను. ఎక్కడ తగిలేది అక్కడ తగులుతుంది. నేను ఏమీ చెప్పను. ఎవరూ ఏమీ అడగకూడదు. తమ్ముడు అక్కడ ఉండకూడదు."

"వదినా..."

"కొబ్బరి పాలు పిండు. పులుస్తాయి."

మార్చి 8, శుక్రవారం

మబ్బు. లుంగీ ఇస్త్రీ చేసుకుని ఆపియా వెళ్లాను.

"ఎవరూ చూడలేదన్నారు," అన్నాడు ఇలాయిసా. "ఒకావిడ చూశానంది. ఆవిడ మాట మీ డాక్టరు మాటతో కలవడం లేదు. నేనేం చెయ్యాలి, మీరే చెప్పండి."

"ఆవిడ మా అక్క," అన్నాను.

అతను కలం కింద పెట్టాడు.

"సొంత అక్కా?"

"సొంత అక్క."

"ఫ్యాక్టరీలో ఎవరూ నాతో అనలేదే."

"అందరికీ తెలుసు. మీకూ తెలుసనుకుని ఉంటారు."

అతను చెవి వెనక రుద్దుకున్నాడు. "అందరి ముందూ అడిగాను ఆవిడని. సరిగ్గా గుర్తు తెచ్చుకోండి అని రెట్టించాను కూడా." తర్వాత అన్నాడు: "నాకు ముగ్గురు అక్కలు, పెద్దాయనా. పెద్దావిడ గదిలో ఉంటే నేను చెప్పులు కూడా చప్పుడు చెయ్యను. ఇక్కడ ఒక అమ్మాయి పనిచేస్తుంది, ఆ అమ్మాయి చేత అడిగిస్తే చెబుతుందా?"

"చెప్పదు."

బస్తా సంగతి చెప్పాను. అతను నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు.

"ఇలాంటి సాక్ష్యం నేనెప్పుడూ రాయలేదు. రాయకూడదని ఎక్కడా లేదు. డాక్టర్ని కూడా అడుగుతాను, అలాంటి దెబ్బకి ఇది వస్తుందా అని. మంగళవారం వస్తాను. బండిని ముట్టుకోవద్దని ఫ్యాక్టరీకి ఫోను చేస్తాను."

బస్సు ఆలస్యమైంది. ఐస్‌క్రీమ్ తిన్నాను. ఎందుకో తెలియదు, నాకు ఇష్టం లేదు.

మార్చి 10, ఆదివారం

ఎండ. ఫాదరు సాక్ష్యం గురించి ప్రసంగం చేశాడు. యాదృచ్ఛికమే అయి ఉంటుంది. మరేత మొన్న చర్చికి పూలు పెట్టడానికి వెళ్లింది.

మార్చి 12, మంగళవారం

ఉదయం జల్లు, తర్వాత ఎండ. మరేత, నేను వెళ్లాం. నన్ను షెడ్డు వెనక, లారీలు నిలిపే చోట కూర్చోబెట్టారు. మధ్యలో రేకుల గోడ. నేను విన్నది, మరేత చూసి చెప్పినది కలిపి రాస్తున్నాను.

బండికి కొత్త కొక్కెం ఉంది. ముట్టుకోవద్దని ఫోను వచ్చాక, శనివారం ఫెరేతి పెట్టించాడు.

"ఇది ఆ రోజు ఉందా?" అన్నాడు ఇలాయిసా.

"ఉన్నట్టే గుర్తు," అన్నాడు ఫెరేతి.

షెడ్డులో ఆడవాళ్లంతా ఒక్కసారి దగ్గారు. రేకు ఇవతలికి కూడా వినిపించింది. ఇలాయిసా దాన్ని తనే ఊడదీసి ఫెరేతి చేతిలో పెట్టాడట, దాచుకోమని.

అక్క ఒక ఊకబస్తాను ఎంచింది. దాన్ని ఒక పెట్టె మీద నిలబెట్టింది. పెట్టె ఎత్తు చాలలేదని ఇంకో చెక్క పెట్టింది. బస్తా పైకొస తన నుదుటి దాకా వచ్చేదాకా సరిచేసింది. నా భుజాలు అక్కడికే వస్తాయి. ఎప్పుడు చూసిందో. బండి మీద కాయల బస్తాలు వేయించింది. ఒకటి తీసేయించింది, ఆ రోజు అన్ని లేవని. మగవాళ్లందరినీ బయటికి పొమ్మంది, ఆఫీసరు తప్ప. ఫెరేతి గొణుగుతూ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. నాతో మాట్లాడలేదు. కొక్కెం ఇంకా చేతిలోనే ఉంది.

చక్రాల చప్పుడు వినిపించింది. ఆగింది. మళ్లీ వినిపించింది. మళ్లీ ఆగింది. లోపల ఎవరూ మాట్లాడటం లేదు. నేను రేకు మీద తుప్పు మరకల్ని చూస్తూ కూర్చున్నాను. ఒకటి సవాయి దీవిలా ఉంది.

మూడోసారి చక్రం కాలువ రేకులో దిగిన చప్పుడు, వెంటనే దెబ్బ. పెద్ద దెబ్బ. కూర్చున్నచోటే ఉలిక్కిపడ్డాను. ఫెరేతి కూడా ఉలిక్కిపడ్డాడు.

బస్తా చిరిగి ఊక కారిందట. ఇలాయిసా ఆ చోట సుద్దతో గీత గీశాడు. ఎత్తు పక్క స్తంభం మీద కూడా గీశాడు. అక్క అతని వైపు చూడకుండా చీపురు తీసుకుని ఊక ఊడ్చింది. ఊడ్చి, అటు తలుపు గుండా వెళ్లిపోయింది. అతను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

తర్వాత నన్ను పిలిచాడు. స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. అతను గీత చూశాడు. నేను పైకప్పు చూశాను.

"సరే," అన్నాడు. "ఇప్పుడు మీరు చెప్పాలి పెద్దాయనా. మీ మాట కూడా కాగితం మీద ఉండాలి. ఇక్కడ మనిద్దరమే."

అటు తలుపు వైపు ఇంకోసారి చూసి చెప్పాను. గజ్జల్లో. అక్క ఉందని నడుమన్నాను.

అతను రాసుకున్నాడు. సంతకం పెట్టాను.

మార్చి 13, బుధవారం

ఎండ. అక్క ప్రార్థనకు రాలేదు. వాన వస్తుందనుకుంది కాబోలు.

మార్చి 14, గురువారం

వల బాగు చేశాను. అక్క రాలేదు.

మార్చి 17, ఆదివారం

మరేతే మళ్లీ రాళ్లపొయ్యి పెట్టింది. ఈసారి ఎదురింటాయన కోకో గిన్నె కింద పెట్టి వచ్చి రాళ్లు ఎత్తాడు. ఏమీ అనలేదు.

అక్క వాటా మరేత పట్టుకెళ్లింది. తీసుకుందట. ఏమైనా అందా అని అడిగాను. "ఉప్పు తక్కువైందంది," అంది మరేత.

ప్రార్థనకు రాలేదు. పడమటి స్తంభం దగ్గర చాప ఎప్పటిలా వేసే ఉంచాం.

మార్చి 22, శుక్రవారం

వాన. ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఒప్పుకున్నారు. పనిలో తగిలిన దెబ్బే అని రాశారు. ఆపరేషన్ ఏప్రిల్ రెండున. నా చోటు ఉంటుంది, తిరిగి వెళ్లాక బస్తాలు కాకుండా తేలిక పని. మరేత రెండుసార్లు చదివింది, నేను మూడుసార్లు. తర్వాత కోడిని కోసింది.

"వెళ్లి చెప్పు," అంది.

"నువ్వు చెప్పు."

తనే వెళ్లింది. అక్క విని, మంచిదంది. అంతే అంది.

ఆమె ఇక నా ముఖం చూడలేకపోతోందేమో. చూస్తే ఆ బస్తా కనబడుతుందేమో. పరిహారం వచ్చింది. ఈ నష్టం దాని లెక్కలోకి రాదు.

వాన రాత్రికి కూడా తగ్గలేదు.

ఏప్రిల్ 2, మంగళవారం

ఆసుపత్రి.

ఏప్రిల్ 5, శుక్రవారం

ఇంటికి వచ్చాను. వంగకూడదు, ఎత్తకూడదు, దగ్గకూడదు. దగ్గకుండా ఎలా ఉంటారో డాక్టరు చెప్పలేదు. నేను లేని రోజుల్లో పందులకు మేత అక్క వేసిందట.

ఏప్రిల్ 10, బుధవారం

ఉదయం ఎండ. కుట్ల మీద కట్టు మార్చింది మరేత. తర్వాత చర్చి ఆడవాళ్ల సంఘానికి వెళ్లింది. గడ్డం గీసుకున్నాను.

చాపతెరలన్నీ పైకి కట్టే ఉన్నాయి. అక్క వచ్చింది. మరేత లేదన్నాను. తెలుసు అంది. పడమటి స్తంభం దగ్గర కాకుండా గుమ్మం పక్కన కూర్చుంది, ముఖం దారి వైపు పెట్టి. నేను లేచి కూర్చున్నాను. చాలాసేపు ఇద్దరం దారినే చూశాం. పిల్లలు బడి నుంచి వస్తున్నారు.

"బండ్లన్నిటికీ కొక్కేలు పెట్టించారు," అంది. మరేత మీదుగా కాదు, నాతోనే.

"మంచిది."

"ఫెరేతి తనే బిగించాడు. ఆ ఆఫీసరు పిల్లాడు మళ్లీ వచ్చి లాగి చూశాడు."

"మంచిది."

చాప కొసను మడిచి మళ్లీ విప్పింది.

"ఆ రోజు నాకు చేతులు రాలేదు ఔకుసో. కాలువ దాకా తోసేదాన్ని, ఆగేదాన్ని. అక్కడ నిలబడింది నువ్వేనని అనిపించేది. నేను ఆగినప్పుడల్లా ఆ పిల్లాడు పాపం గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు, ఎంతసేపని నిలబడతాడు? ఇక లాభం లేదని, ఆ బస్తా నువ్వు కాదు, ఫెరేతి అనుకున్నాను."

నేను దారిలో పోతున్న పిల్లల్ని లెక్కపెట్టాను.

"అందుకే చిరిగింది," అంది.

నవ్వు ఆపుకుందామని చూశాను. ఆగలేదు. కుట్లు లాగాయి, చెయ్యి దానంతటది అక్కడికి పోబోయింది, దారిలోనే ఆపాను. అక్క ఇటు తిరగలేదు. దారి వైపే చూస్తోంది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

"ఒక మనిషిని మనసులో అంత గట్టిగా కొట్టి, అదే నెల ప్రార్థనలో ఎలా కూర్చోను?" అంది కాసేపటికి. "అందుకే రాలేదు. ఫాదరుతో చెప్పుకున్నాను. ఆయనకు దగ్గు వచ్చింది. సాయంత్రం వస్తాను."

అందుకే రాలేదని చెప్పింది. నేనూ అందుకే అని రాస్తున్నాను.

మబ్బు పట్టింది. సముద్రం మీద అప్పుడే వాన పడుతోంది. బయట ఎండబెట్టిన పెద్ద చాపలు అలాగే ఉన్నాయి. మరేత ఇంకా రాలేదు. నన్ను వంగవద్దన్నారని అక్కకు తెలుసు, నిలబడి పట్టుకుంటే చాలంటోంది, ఒక కొస అప్పుడే ఎత్తి పట్టుకుని రెండో కొస నాకు అందిస్తోంది. పుస్తకం మూస్తున్నాను.